ప్రయాణంలో ఉంది

“గుమస్తా సెలవమ్మా. ఈ రెండ్రోజులూ నేను చూస్తున్నాను. ఓడల మీద కెప్టెన్‌గా చేసి దిగినవాణ్ణి. చెప్పండి.”

ఎనిమిదో నెల కడుపుతో ఓడల కంపెనీ ఆఫీసుకి రెండంతస్తుల మెట్లెక్కి వచ్చిన ఆమె, బల్ల అంచు పట్టుకుని ఊపిరి తీసుకుంది.

“మా ఆయన మీ ఓడలో ఇంజన్ మెకానిక్ అండీ. తొమ్మిది రోజులుగా ఫోన్ లేదు. ఎప్పుడొచ్చి అడిగినా గుమస్తాగారు ‘ఓడ ప్రయాణంలో ఉంది’ అంటారు. నడుస్తోందనేగా?”

ముసలాయన ఓడ పేరడిగి రిజిస్టరు తిప్పాడు. వేలు ఒకచోట ఆగిపోయింది.

“మా భాషలో ఆ మాటకి నడుస్తోందని అర్థం కాదమ్మా. లంగరు వేయలేదు, రేవుకి కట్టలేదు, ఓడ అడుగు నేలకి తగల్లేదు. అంతే. ఇంజన్ చచ్చిపోయి అలల మీద కొట్టుకుపోతున్నా ప్రయాణంలో ఉన్నట్టే.”

“మరి మనుషులు?”

ఆయన కళ్లజోడు తీశాడు. “మీకెవరూ చెప్పలేదా తల్లీ? ఇంజన్ గదిలో మంటలు లేచాయి. పైనున్నవాళ్లని ఇంకో ఓడ ఎక్కించుకుంది. కింద ఉన్న నలుగురూ...”

ఆమె మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. లోపల బిడ్డ తన్నింది. అప్పుడు అత్తయ్య గుర్తొచ్చింది. ఒక్కగానొక్క కొడుకు. పైగా గుండె జబ్బు మనిషి. రోజూ గుమ్మంలో నిలబడి అడగడం, “ప్రయాణంలో ఉందట” అనగానే “హమ్మయ్య” అని కంచం పెట్టడం. ఈ కబురు వింటే ఆవిడా దక్కదు.

కింద కుళాయి దగ్గర మొహం కడుక్కుని ఇంటికి నడిచింది.

“ఏమన్నారే?” గుమ్మంలోనే అడిగింది అత్తయ్య.

“ప్రయాణంలోనే ఉందట, అత్తయ్యా.” చెప్పులు విప్పుకుంటూ అంది.

అత్తయ్య “హమ్మయ్య” అనలేదు. ఎర్రబడ్డ ఆ కళ్లలోకి తేరిపార చూసింది.

“గుమస్తాయేనా చెప్పింది?”

“కాదు. ఆయన సెలవట. ఎవరో పాత కెప్టెన్ గారు.”

ముసలావిడ గోడకి జారగిలబడి, అలాగే నేలమీదికి కూలబడింది. కోడలు కంగారుగా వంగి పట్టుకోబోయింది.

“అత్తయ్యా! మందులెక్కడ? ఏమైంది మీకు?”

ఆవిడ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“కాన్పయ్యేదాకా ఆ ఒక్క మాటే చెప్పమని గుమస్తాని బతిమాలింది నేనే తల్లీ.”