ఎడమపక్క బంతి

“ఇంకోటెయ్యే రత్నం. ఎడమపక్క నుంచే!”

ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో తమ క్వార్టరు పెరట్లో, ఎదురుగా గోడకేసే చూస్తూ మోకాళ్లు వంచి నిలబడ్డాడు దేముడు. పదేళ్లుగా గోల్‌కీపింగే అతని బతుకు. ఆర్నెల్ల కిందట ఆటలో బూటు తగిలి ఎడమ కంటి చూపు పోయింది. చూపు మళ్లీ వచ్చేసిందంటున్నాడు. రేపు కలకత్తా క్లబ్బులో సెలక్షను.

ఎడమవైపు నుంచి భార్య విసిరిన బంతులు తొమ్మిదీ పట్టాడు.

“కన్నొచ్చేసింది మావా! ఇంక రాదన్న ఆ డాక్టర్‌బాబుకేటి తెలుసు? క్లబ్బోల్లని నన్నూ తీసుకోమను” అని నవ్వింది రత్నం. చెమట తుడుచుకుని, జారుతున్న గాజుల్ని మోచేతి దాకా ఎగదోసి పదో బంతి విసిరింది.

అది అతని చెవికి తగిలి కింద పడింది. చేతులు కదలనే లేదు.

“సెప్పకుండా ఇసిరేస్తావేటే?”

“తొమ్మిదీ సెప్పే ఇసిరినానా?”

దేముడు మళ్లీ మోకాళ్లు వంచాడు.

రత్నం బంతి తీసుకుంది. కాసేపు చేతికేసి చూసుకుని, గాజుల్ని మణికట్టు మీదికి దించుకుంది. బంతిని ఎడమచేత్తో గుండెకు అదుముకుని, కుడిచెయ్యి మాత్రం ఊపింది.

గాజులు గలగలమన్నాయి.

దేముడు ఒళ్లంతా విసిరి ఎడమకు దూకాడు. మట్టిలో బోర్లా పడి, రెండు చేతులతో ఎడమపక్క నేలంతా తడిమాడు.

“ఎటెల్లిందే?”

రత్నం అతని పక్కన కూర్చుని, బంతిని చేతుల్లో పెట్టింది.

“నేనిసర్నేదు మావా” అంది.