గుట్ట బాట

"ఈ మెట్టు ఎవరు పెట్టిన్రు?" అంటూ రాములు కాలితో ఒక్క తోపు తోశాడు. దేవకృప రెండు గంటలు చెమటోడ్చి కుదిర్చిన రాయి కాస్తా దొర్లుకుంటూ పోయి కింద తుమ్మపొదలో పడింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఏంటండీ మీరు చేసింది? చేతులు బొబ్బలెక్కించుకుని పెట్టాను దాన్ని!"

"పెట్టినవ్ గానీ, వట్టి మట్టి మీద పెట్టినవ్ బిడ్డా. గిట్ల పెడితే తొలి వానకే కొట్టుకపోతది. దాంతోని ఎవడో ఒకడు సుత పోతడు."

అరవై దాటిన రాములు జీవితమంతా రాళ్లు కొట్టి బతికినవాడు. ఏ.ఎస్. రావు నగర్ వెనక ఉన్న ఆ గుట్టకు అవతల బస్తీలో ఉంటాడు. గుట్ట మీదికి వెళ్లే కాలిబాట వానలకు కోసుకుపోయి, పొద్దున్నే ఎక్కేవాళ్లు జారిపడి కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకుంటుంటే, వాకర్ల సంఘం వాళ్లు దాన్ని బాగుచేయడానికి పూనుకున్నారు. రాములు ఎవరూ పిలవకుండానే గడ్డపార పట్టుకుని వచ్చి చేరాడు. దేవకృప పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ, తన వంతుగా మనుషుల్ని పంపుతానంది. నాలుగు శుక్రవారాలు గుట్ట మీద పని, ఇష్టమున్నవాళ్లు పేర్లివ్వండి అని హెచ్.ఆర్. మేనేజర్ రమణబాబు అందరికీ మెయిల్ పెట్టాడు. పదకొండు మంది ఇచ్చారు. అందరికంటే ముందు ఇచ్చింది దేవకృపే.

"అయితే ఎలా పెట్టాలో మీరే చెప్పండి," అంది, కోపం ఇంకా చల్లారకుండానే.

చెప్పాడు. ముందు వాన నీళ్లు ఎటు పారతాయో చూడాలి. బాటకు అడ్డంగా, ఏటవాలుగా చిన్న కాలువ తీసి ఆ నీళ్లను పక్కకు మళ్లించాలి. రాయి మూడో వంతు నేలలోకి దిగాలి. చుట్టూ చిన్న రాళ్లు కూరి, మీదికెక్కి తొక్కి చూడాలి.

"కదిలిందా? మల్ల తియ్యి."

ఆ రోజు ఒక్క మెట్టును ఐదుసార్లు తీసి పెట్టింది దేవకృప.

సోమవారం ఆఫీసులో పక్క సీటు కల్యాణ్ ఆమె చేతులకు చుట్టిన గుడ్డలు చూసి నవ్వాడు. "నీకేమైనా పిచ్చా? నెత్తి మీద ప్రాజెక్టు డెలివరీ పెట్టుకుని రాళ్లు మోస్తావా? నేనైతే బిజీ అని రాసి పారేశా."

"శుక్రవారం పని శనివారం వచ్చి చేసుకుంటున్నా కదా. మధ్యలో నీకేం తక్లీఫ్?"

మూడో శుక్రవారానికి ముందు రోజు పెద్ద వాన పడింది. తెల్లవారగానే దేవకృప సికింద్రాబాద్ నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చింది. గబగబా బాట ఎక్కింది. నీళ్లు కాలువలోంచి బుద్ధిగా పక్కకు పోయాయి. మెట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అప్పటికే వచ్చి కూర్చున్న రాములు బీడీ తీసి నోట్లో పెట్టుకుంటూ అన్నాడు.

"ఒక్కటి సుత కదల్లే. ఇగ నువ్వు మేస్త్రీవైనట్టే."

కంపెనీలో చేరిన ఈ మూడేళ్లలో ఎవరూ ఆమెను అంతగా మెచ్చుకోలేదు.

నాలుగో శుక్రవారం మధ్యాహ్నానికి మెట్లు గుట్ట కొసదాకా చేరాయి. కాలనీలో ఉండే వీరరాఘవమ్మ కర్ర పొడుచుకుంటూ, మెట్టుకో నిమిషం ఆగుతూ, ఎక్కనే ఎక్కింది. పైన బండ మీద కూలబడి, గాలికి చెదిరిన తెల్లజుట్టును వెనక్కి తోసుకుంది.

"మోకాళ్లు పోయాక ఈ గాలి మళ్లీ నా మొహానికి తగుల్తుందనుకోలేదు. మీ చేతులు చల్లగా ఉండాలి తల్లీ."

దేవకృప తన చేతులు చూసుకుంది. ఆమె రాసిన ప్రోగ్రాములు సముద్రాల అవతల ఎవరికో పనికొస్తాయని చెబుతారు. ఆ ఎవరో ఆమెకు తెలియదు. ఈ మెట్లు మాత్రం కళ్లెదుటే ఒక మనిషిని పైకి చేర్చాయి.

సాయంత్రం రమణబాబు కారులో వచ్చాడు. అందరినీ నిలబెట్టి ఫోటో తీసి, పేర్లూ ఉద్యోగి నంబర్లూ ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు.

"సర్టిఫికెట్లకా సార్?" అని ఎవరో ఉత్సాహంగా అడిగారు.

"సోమవారం పదింటికి కాన్ఫరెన్స్ రూముకు రండి, ఇస్తాను," అన్నాడు.

"రాములు గారి పేరు కూడా రాసుకోండి సార్. ఆయన లేకపోతే ఒక్క మెట్టూ నిలిచేది కాదు," అంది దేవకృప.

"ఆయన మన కంపెనీ మనిషి కాదు కదమ్మా," అని రమణబాబు పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

సోమవారం బల్ల మీద పదకొండు కవర్లున్నాయి. దేవకృప తనది నలగకుండా, అంచు వెంట నెమ్మదిగా చించింది. ఫ్రేము కట్టించి ఇంట్లో ఏ గోడకు తగిలించాలో అంతకు ముందే అనుకుంది. లోపల నాలుగే వాక్యాలు. ఆమె సేవలు ఈ రోజుతో ముగిశాయి. ఐడీ కార్డు సెక్యూరిటీకి అప్పగించి వెళ్లవలసింది.

మళ్లీ మొదటి నుంచి చదివింది. ఎదురుగా ఒకమ్మాయి అప్పటికే ఏడుస్తోంది.

"సార్, నేనేం తప్పు చేశాను?" అని రమణబాబును అడిగింది దేవకృప.

"తప్పు కాదమ్మా. అమెరికాలో మార్కెట్ పడిపోయింది. మనుషుల్ని తగ్గించమని పైనుంచి ఆర్డరు. ఎవర్ని తియ్యాలో తేలక రెండు నెలలు నిద్ర లేదు నాకు."

"మరి మేమే ఎందుకు సార్? శనివారాలు వచ్చి మరీ చేశాను. నా పని ఒక్క పూట కూడా ఆలస్యం కాలేదు!"

రమణబాబు తల ఎత్తలేదు. పేర్ల జాబితా మడతపెడుతూ మెల్లగా అన్నాడు.

"అదేనమ్మా. నాలుగు శుక్రవారాలు మీ పదకొండు మందీ ఆఫీసులో లేరు... ఒక్క పనీ ఆగలేదు."