తాడు పట్టే చెయ్యి

"ఈ పోరని తాడు ఎవలు పడ్తరు?" లాజరు అడిగాడు.

మోటబావి గట్టు మీద ఎవరూ ముందుకు రాలేదు.

నడుముకు తాడు, వీపుకు ఎండు సొరబుర్ర కట్టించుకొని చంద్రు మెట్టు మీద నిలబడి ఉన్నాడు. తక్కిన పిల్లల తాళ్లు తండ్రుల చేతుల్లోనో, అన్నల చేతుల్లోనో ఉన్నాయి. చంద్రు తాడు మాత్రం నేల మీద పడి ఉంది.

"నేను పడ్త తియ్యి," అన్నాడు బావి ఆసామి ఐలన్న.

"వద్దన్నా. ఇంటోళ్లే పట్టాలె. మొదటి దినమే చెప్పిన గద."

చెప్పిన మాట నిజమే. నిజాం రాజ్యం పోయాక వచ్చిన తొలి ఎండాకాలంలో, మోతె దాపులనున్న ఆ పల్లెకు లాజరు బావి పూడిక తీసే కూలీగా వచ్చాడు. పని ముగిసినా వెళ్లలేదు. పూటకింత జొన్నగటక పోస్తే చాలు, పిల్లలకు ఈత నేర్పుతానన్నాడు. వాగు దాటి పశువులను తోలుకుపోయే పిల్లలకు ఈత అక్కరే గనుక ఊరు ఒప్పుకుంది.

నియమాలు మాత్రం అతడివే. పొద్దు పొడవకముందే రావాలి. ఖాళీ కడుపుతో రావాలి. బిడ్డ నీళ్లు మింగినా గట్టు మీద ఎవరూ అరవకూడదు. తాడు ఇంటివాళ్లే పట్టాలి.

చంద్రుకు ఇంట్లో ఉన్నది తల్లి ఒక్కతే.

భద్రమ్మ అందరికీ ఎడంగా, తుమ్మచెట్టు కింద నిలుచుంది. కిందటి వానకాలం, రజాకార్ల దాడులకు వెరచి మగవాళ్లు పాలేరు నది దాటి ఇండియన్ యూనియన్ హద్దులోకి పారిపోతున్నప్పుడు, ఆమె పెనిమిటి వీరయ్యను వరద తీసుకుపోయింది. ఆమెకు అందిన కబురు అంతే. శవమైనా దొరకలేదు. నాటి నుంచి నారు పోసేటప్పుడు గానీ, బావిలో కొత్త నీరు పడ్డప్పుడు గానీ ఆమెను ఎవరూ పిలవలేదు.

"గా చేతులు తాడు పడ్తయా?" పెంటమ్మ వినబడేటట్టే అన్నది. "నీళ్లల్ల మొగణ్ణి పోగొట్టుకున్న చేతులాయె. మా పిల్లలు సుత గదే బావిల ఉన్నరు."

లాజరు పెంటమ్మ వైపు చూడనైనా లేదు.

"భద్రమ్మక్కా, రా. తాడు పట్టు."

"నా కొడుక్కు ఈతొద్దు, ఏమొద్దు."

"నువ్వు రాకుంటె ఇయ్యాల ఎవలకూ ఈత లేదు. అందరు ఇండ్లకు పోండ్రి."

అందరి చూపులూ ఆమె మీద పడ్డాయి. తన బతుకును పదిమందిలో నిలబెట్టి చూపించడానికే వీడు వచ్చినట్టుందని ఆమెకు ఒళ్లు మండింది. అయినా వచ్చింది. తాడు పట్టింది.

తర్వాత ప్రతి తెల్లవారీ అదే వరస. ఒకనాడు ఆమె రాకపోతే లాజరు వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు.

"కూలికి పోవాలె. ఇయ్యాల జర ఇడిసిపెట్టు."

"కుదరదక్కా."

"పెంటమ్మ మొగడు రాకుంటె ఊకున్నవ్. నా మీదనే ఎందుకు నీకింత పగ?"

ఆమె బయల్దేరేదాకా అతడు వాకిట్లోంచి కదల్లేదు.

గట్టు మీద ఆమెకూ పక్కవాళ్లకూ నడుమ ఒక మనిషి పట్టేంత జాగా ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఆమె అటు చూసేది కాదు. చూపంతా తాడు మీదే.

సొరబుర్రలు విప్పేసే రోజు వచ్చింది. తక్కినవాళ్లు ఒక్కొక్కరే తాడు వదిలేశారు. భద్రమ్మ వదల్లేదు.

"ఇడువక్కా."

"ఇడువ."

"పోరడు మంచిగనే ఈదుతుండు. నువ్వే గుంజుతున్నవ్. గుంజితే మునుగుతడు."

"సావనన్న సస్త గని ఇడువ!"

లాజరు నీళ్లలోకి దిగి మునిగాడు. భద్రమ్మ ఇంకా పిడికిళ్లు బిగించుకొనే ఉంది. కాసేపటికి తాడు కొస ఖాళీగా నీటి మీదికి తేలింది.

ఆమె పెట్టిన కేక బావి గోడల్లో మారుమోగింది.

చంద్రు అప్పటికే నడిబావి దాటాడు. తనంత తానే ఈదిపోయి, అవతలి మెట్టు పట్టుకొని, నవ్వుతూ వెనక్కి చూశాడు.

ఆ నవ్వు ఆమెకు కనబడలేదు. లాజరు గట్టెక్కగానే చెంప ఛెళ్లుమనిపించింది.

"ఒక్కడున్నడు నాకు! ఒక్కడు! నీళ్లల్ల మనిషి పోయిన ఇల్లు ఎట్లుంటదో నీకేమెరుక?"

లాజరు తల దించుకున్నాడు.

"పోరనికి ఈత వచ్చిందక్కా," అన్నాడు మెల్లగా. "ఇగ నేను పోత."

ఎవరూ ఉండమనలేదు. తడిబట్టలతోనే సూర్యాపేట బాట పట్టి పోయాడు.

వానలు పడ్డాయి. ఇన్నాళ్లూ పాలేరు అవతలే ఉండిపోయిన గొర్రెల కొమురయ్య ఊరికి తిరిగి వచ్చాడు. ఈ ఊరి నుంచి ఆనాడు వీరయ్యతో కలిసి ఏరు దాటినవాడు అతడొక్కడే. వాగొడ్డున కొడుకు కోసం ఎదురుచూస్తున్న భద్రమ్మను పలకరించబోయి, బర్రెల వెంట నిండు వాగును ఈదుకొస్తున్న చంద్రును చూసి నిలబడిపోయాడు.

"అచ్చం అయ్య తీరుగనే ఈదుతుండు. ఎవలు నేర్పిండ్రు చెల్లె?"

"లాజరని ఎవడో. పూడిక తీయనీకొచ్చిండు. మల్ల పోయిండు."

కొమురయ్య ముఖం మారింది.

"నిడమనూరు లాజరా? పొడుగ్గుంటడు, చెవి తమ్మె తెగి ఉంటది?"

"ఔ. నీకెట్ల ఎరుక?"

"గాయనకు ఈత ఎన్నడొచ్చింది!"

"గదేందన్నా? బావి అడుగు దాక మునిగెటోడు."

కొమురయ్య తలపాగ విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"నీకు ఎవలూ చెప్పలేదా చెల్లె? ఆ దినం వీరయ్య మాతో పాటే ఒడ్డెక్కిండు. మాతోనొచ్చిన ఈత రాని మనిషొకడు ఏటి నడుమ మునుగుతుంటె సూసి మల్ల దూకిండు. వాణ్ణి ఒడ్డుకు నూకిండు గని, తాను రాలేకపోయిండు. గా ఈత రాని మనిషే లాజరు."