సవతి

ఆ ఆడగుర్రం అతని కాపురం కూల్చింది. ఇందులో రెండో మాట లేదు.

సవతి అన్న పేరు భార్య పెట్టిందే. పొద్దున్నే దాని డెక్కల్లో మట్టి తీసి, పళ్లు చూసి, ఒళ్లంతా రుద్దాకే అతను టీ తాగేవాడు. "నాకు జ్వరమొస్తే మాత్ర మొహాన కొడతావు. దానికి తుమ్మొస్తే డాక్టరు కోసం పరిగెడతావు" అనేది. ఆ రోజూ అదే గొడవ. తానో అదో తేల్చుకోమని, అందాకా గడప తొక్కనని చెప్పి మరీ పక్కవీధిలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బజారు నుంచి వస్తుంటే కొట్టం మీద పొగ కనిపించింది. పక్కనున్న వెల్డింగ్ షాపు నిప్పురవ్వ ఎండుగడ్డిలో పడింది. పరుగు అందుకున్నాడు. ఉన్నది ఒక్క గుర్రం. బండి లాగేది అదే, ఇల్లు లాగేదీ అదే.

తలుపు తెరిచే ఉంది. ఎందుకని ఆలోచించే తీరిక లేదు. లోపల కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడలేదు. దగ్గుతూనే దానితో మాట్లాడుతూ, ఎడమ భుజం వైపు నుంచి తడుముకుంటూ చేరాడు. బెదిరిన గుర్రం వెనక నిలబడితే డొక్క పగులుతుంది.

చేత్తో తడిమితే మెడతాడు ముడి ఊడి ఉంది. అయినా అది కదలడం లేదు. మూలనున్న నీళ్లతొట్టి వైపే మెడ చాచి సకిలిస్తోంది. దాహం అనుకున్నాడు.

చొక్కా విప్పి దాని కళ్లకు కట్టాడు. మంట కనిపిస్తే గుర్రం అడుగు వేయదు. "పద తల్లీ, పద" అంటూ మెడ నిమిరాడు. మనిషి భయం దానికి చెయ్యి తగలగానే తెలిసిపోతుంది. అరచెయ్యి మెడ మీంచి తియ్యకుండానే తాడు అందుకున్నాడు. నెత్తిమీద వాసం ఫెళ్లుమంది. జుట్టు కమిలింది. ఎలా లాగాడో అతనికే తెలియదు, బయటపడ్డారు.

బయటపడగానే అది వెనక్కి తిరిగింది.

గుర్రాన్ని పెంచిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. బెదిరితే అది తన కొట్టంలోకే పరిగెడుతుంది, కొట్టం తగలబడుతున్నా సరే. అందుకే బయటికి తెచ్చిన మరుక్షణం తలుపు మూసెయ్యాలి. అతను తలుపు లాగి గడియ పెట్టాడు.

అది ముందుకాళ్లతో తలుపును దబదబా బాదింది. ఆ చప్పుడులో అతనికి ఇంకేమీ వినపడలేదు. మెడకు వేలాడి, బతిమాలి, బూతులు తిట్టి, గాలి వచ్చే వైపుకి వీధి చివరిదాకా ఈడ్చుకెళ్లాడు. పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు నీలం తిరగలేదు. పక్కటెముకలకు చెవి ఆనించి ఊపిరి విన్నాడు. బతుకుతుంది.

అక్కడే కూలబడ్డాడు. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. వెనక కొట్టం కప్పు కూలింది. కూలితే కూలనీ అనుకున్నాడు.

కుంటికాలు ఈడ్చుకుంటూ బావమరిది రొప్పుతూ వచ్చాడు.

"వెళ్లి మీ అక్కతో చెప్పరా, దాని సవతికి ఆయుష్షు గట్టిదని" అన్నాడు అతను.

పొగ కనపడగానే చెప్పులైనా వేసుకోకుండా, గుర్రం కట్టు విప్పాలంటూ తనకంటే ముందే కొట్టానికి పరిగెత్తిన అక్క ఏదని బావమరిది అడిగాడు. గుర్రం తాడు వదిలేసి, తన చేత్తో గడియ పెట్టిన తలుపు వైపు పరిగెత్తాడు అతను.