తప్పు మెషిన్‌దే

“మీ మెషిన్ చచ్చిపోయింది! పారెయ్యండి దాన్ని!”

హరిదాస్ రిపోర్టును బల్ల మీదికి విసిరికొట్టాడు. జురాంగ్ వెస్ట్ దగ్గర అతనికి ఇనుప సామాన్లకు పూత పూసే ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ మురుగు కాలువలోంచి తెచ్చిన నీళ్లలో నైట్రైట్ అనే రసాయనం పరిమితిని బాగా దాటేసిందని ఆ రిపోర్టు చెబుతోంది. అది పైకి వెళ్తే అతని లైసెన్స్ పోతుంది.

ల్యాబ్ ఎనలిస్ట్ శర్మిల కుర్చీలోంచి లేవలేదు. “అరవకండి అంకుల్. రెండుసార్లు చేసి చూశాను.”

“రాదమ్మా! ఆ నీళ్లలో అది వచ్చే చాన్సే లేదు!”

“ప్రతి ఓనరూ ఇదే పాట. విషం వదిలేది మీరు, తిట్లు తినేది మేము!”

“మాటలొద్దు. నా ముందు చెయ్యి. ఇప్పుడే!”

శర్మిల విసురుగా గ్లవ్స్ తొడుక్కుంది. ముందు శుద్ధమైన నీళ్లు ఎక్కించింది. తెర మీద గీత తిన్నగా సాగిపోయింది.

“చూశారా? మెషిన్‌లో ఏ మురికీ లేదు. ఇప్పుడు మీ సీసా.”

పంపు గుర్రుమంది. కాలమ్ అనే సన్నటి గొట్టంలోకి నీళ్లు ఒత్తిడితో దూరుతుంటే, వాటిలో కలిసున్న అయాన్లు విడిపోయి ఒక్కొక్కటే బయటపడసాగాయి. తెర మీద ఫ్లోరైడ్, చిన్న గుట్ట. క్లోరైడ్, ఇంకాస్త పెద్దది. ఆ వెంటనే గీత నిట్టనిలువుగా లేచింది. నైట్రైట్.

“సీసా మార్చేశారు మీరు!”

“సీల్ మీద సంతకం మీదే. నీళ్లు పట్టిందెవరు?”

“నేనే. నా చేత్తో.”

“మరింకెవర్ని అంటారు? పైపులు తుప్పు పట్టకుండా కలిపే మందులో ఉంటుందిది. మీ దగ్గరే ఎక్కడో ఒక లైను ఇంకోదాంట్లో కలిసిపోయుంటుంది. వెళ్లి వెతుక్కోండి.”

హరిదాస్ గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. “ఎవరైనా... తాగితే?”

“రక్తం ప్రాణవాయువును మొయ్యడం మానేస్తుంది. పెదాలు నీలంగా మారి పడిపోతారు.” శర్మిల వెటకారంగా నవ్వింది. “అయినా కాలువ నీళ్లు ఎవరు తాగుతారంకుల్?”

అతనికి ఆ మాట వినపడలేదు. అప్పటికే ఫోర్‌మన్‌కి ఫోన్ కలిపాడు.

“గోవిందయ్యా! క్యాంటీన్ మూసెయ్! ఎందుకని అడక్కయ్యా, ముందు మూసెయ్!”

రిపోర్టు శుభ్రంగా రావాలని ఆ సీసా అతను నింపింది కాలువలో కాదు, క్యాంటీన్ కుళాయి కింద.