మూడు తీగలు

చీకటిపడ్డాక మరైగూడలో సుక్రాం, ఇంటి గాలిమర కోసం కొన్న జనరేటర్‌ను బల్లకు బిగించాడు. రెక్కలింకా తొడగలేదు. డ్రిల్లుతో ఇరుసు తిప్పితే, దాని తీగలకు కట్టిన బల్బు వెలిగింది.

అంతలో ఊళ్లో కరెంటు పోయింది. ఆగిన డ్రిల్లును ఊడదీశాడు. బల్బు ఆరలేదు. ఇరుసు గరగరమంటూ తిరుగుతూనే ఉంది.

"కరెంటు లేదు గదా, ఇంకా ఏంది తిప్పుతున్నవ్?" గుమ్మంలోంచి అడిగింది అతని భార్య కోసి.

"నేను తిప్పుతలేను."

జనరేటర్ మూడు తీగలూ కలిపేస్తే ఇరుసు బిగుసుకుపోతుంది. పెనుగాలి కూడా దాన్ని తిప్పలేదు. మూడింటినీ కలిపి పట్టుకున్నాడు. బల్బు ఆరింది. గరగర ఆగింది.

"ఆగిందా?" అంది కోసి.

ఇరుసు తిరిగితే తప్ప వేడెక్కని తీగలు, సుక్రాం వేళ్ల మధ్య మెల్లగా వేడెక్కుతున్నాయి.