తడి ముడి

కలెక్టరాఫీసు రికార్డు రూములో కరువు సాయం దస్త్రాలు, గల్ఫులో తప్పిపోయినవాళ్ల కోసం ఎంబసీలకు రాసిన ఉత్తరాలు కట్టలు కట్టి ఉన్నాయి. వాటిని విప్పి స్కాన్ చేయడం అరుణజ్యోతి పని. రేపు అవన్నీ లారీలో వెళ్లిపోతాయి.

ఆ కట్టలు కట్టింది ఆమె నాయనే. ధర్మవరంలో మగ్గం వదిలి అటెండరుగా చేరినా, తెగిన పోగులను కలిపే నేతగాళ్ల ముడే వేసేవాడు. దారం కొసను నాలుకతో తడిపి, బిగించి, పంటితో కొరికేవాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు.

సాయంత్రం ఆమె విప్పి పెట్టిన కట్ట ఇప్పుడు మళ్లీ కట్టి ఉంది.

"బయ్యన్నా, దీన్ని నువ్వు కట్టినావా?"

"నాకు ఆ ముడి యాడ వస్తాది పాపా?" అన్నాడు వాచ్‌మన్ గుమ్మంలోంచి. "అది మీ నాయన చేతి ముడి."

ఆమె ముడిని తాకింది. కొస ఇంకా తడిగా ఉంది.

"తాళం వేస్తా, పోదాం రా."

"నువ్వు పో అన్నా."

అతడు వెళ్లాక ఆ కట్ట విప్పింది. పక్కవీ, పై అరలోవీ విప్పింది. లైటు తీసేసి కూర్చుంది.

చాలాసేపటికి అరల మధ్య దారం కొరికిన చప్పుడైంది.

"నిదానంగా కట్టు నాయనా," అంది. "ఇంకా చానా ఉండాయి."